ఇయ్యాల నా చేను

బడి పంతులమ్మ మహానంద అక్కోరు కంప్యూటరు ముందల నిలవడి కదలకుండ చూస్తాంది. ఎనక బెంచీ మీద భాగ్యజ్యోతి కూసోని అక్కోరు ఈపు చూస్తాంది. కిందటి వారం వాళ్లను మనం ఆడ్నే ఇడిసిపెట్టి లేసినం.

జెర యాది చేసుకుందాం. గుండ్లవాడి బడిల ఏడో తరగతికి భాగ్యజ్యోతి ఒక్కతే. బెంచీలు మస్తుగున్నయి, కూసునేటోళ్లే లేరు. హాజరీ తీస్తే ఒక్క పేరు, ఒక్క గొంతు. ఒక్క పిల్లకు తరగతెందుకు, మన్నాఏఖేళ్ళి బడిల కలుపుతం అని పైనుంచి మాట వచ్చింది. కలుపుతే పిల్ల పెద్ద రోడ్డు మీద బస్సెక్కి పోవాలె. నాయిన బసవరాజ్ లారీ మీద ఊళ్లు తిరుగుతడు, తోలుకపోయి తోలుకొచ్చేటోళ్లు లేరు. అవ్వ రాచమ్మ, కన్నతల్లి, ఒక్కదాన్ని పంపనంటది. ఇగ సదువు ఈడికే అయిపోతది.

గిది తప్పియ్యాలెనని అక్కోరు ఒక ఉపాయం తీసింది. నిర్ణా ఊరవతల తోటలల్ల ఒక బడున్నది, ఆడ ఏడో తరగతి నిండ పిల్లలే. ఆ బడిని ఈ బడిని కంప్యూటరు మీద ఒక్క తరగతి లెక్క కలిపింది. పిల్లకొక పేజీ. ఎవల ఊరి ముచ్చట వాళ్ల పేజీల రాయాలె. కానీ ఎవల పేజీల ఎవరన్న రాయొచ్చు, దిద్దొచ్చు, పక్కకు సవాలు అడగొచ్చు. ఆడ ఒకలు రాస్తుంటే ఈడ అప్పుడే అవుపడ్తది. బళ్లు తిరిగి చూసే ఏసప్ప సారు, "సరే మహానందమ్మా, ఒక్క పిల్లతోని తరగతి నడుస్తదని నాకు చూపియ్యి, బడి కలుపుడు ఆపేటందుకు నేను చూస్త," అన్నడు.

ఆ సారు వచ్చేది ఇయ్యాలనే. భాగ్య పేజీల పైన పేరున్నది. పేరు కింద తెల్లగ, ఉతికి ఆరేసిన ధోతి లెక్క, ఒక్క అచ్చరం లేదు.

"ఇదేందే భాగ్యా?"

భాగ్య బెంచీ అంచు గోటితోని గీకవట్టింది.

"నిన్నే అడుగుతున్న. ఇన్ని దినాలసంది ఈ డబ్బ ముందలకెళ్లి లేస్తలేవు. బువ్వ కాడికి పిలుస్తే సుత, వస్తున్నక్కోరూ, వస్తున్నక్కోరూ. ఏం చేసినవు మరి? బొమ్మలు చూసుకుంట కూసున్నవా?"

"లేదక్కోరూ. పని చేసిన."

"యాడ చేసినవు? గాలిల చేసినవా? అవుపడ్తలేదేంది నాకు?"

అక్కోరు తిట్టేటి మనిషి కాదు. బీదర్‌కెళ్లి పొద్దుగాల్ల బండేసుకోని వస్తది, వచ్చేటప్పుడు చిన్న పిల్లలకు జామకాయలు తెస్తది. ఇయ్యాల ఆమె గొంతుల వణుకున్నది. ఆ వణుకు కోపంది కాదు, భయంది అని భాగ్యకు తెలుస్తనే ఉన్నది. గందుకే ఇంకింత తల కిందికేసింది.

గప్పుడే అక్కోరు ఫోను మోగింది. నిర్ణా అవతలి బడి నవనాథ్ మాస్టరు. ఆయన ఫోన్ల మాట్లాడుతే పక్క చేన్ల ఎడ్లు సుత బెదురుతయి, గంత గట్టి గొంతు.

"మేడం! మీ పిల్లను మాకిచ్చెయ్యి మేడం! మా సంజు గానికి నాలుగు ముక్కలు రాయమంటే జ్వరమొస్తది. వాని పేజీ ఇప్పుడే చదివిన. బెల్లం గానుగ కాడ పొగల వాళ్ల తాత కండ్లు తుడుసుకునుడు, అది ఏడుపో పొగో వానికి తెల్వకపోవుడు... నేను రెండుసార్లు చదివిన. ఎవల్రా రాసింది అంటే, భాగ్య సార్ అన్నడు. నేహా పేజీ ఎవలు రాసిండ్రు అంటే భాగ్యనే. సగం తరగతి పేజీలు మీ పిల్లయే! మీ పిల్ల తిండి తింటదా, నిద్ర పోతదా?"

అక్కోరు ఏం చెప్పిందో, ఎట్ల ఫోను పెట్టిందో. కంప్యూటరు ముందల కూసోని నేహా పేజీ తెరిచింది. పైకే చదివింది.

"మా ఎర్రకోడి గుడ్డు పెట్టేముందు ఇల్లంత తిరుగుతది. గంపల చూస్తది, మంచం కింద చూస్తది, దేవుని గూట్ల చూస్తది. ఏ జాగ దానికి నచ్చదు. ఆఖరికి మా నాయినమ్మ ఒళ్లె పెడ్తది."

అక్కోరు ఎనకకు తిరిగింది. "నువ్వు నిర్ణా చూసినవా?"

"లే."

"ఈ కోడిని చూసినవా?"

"నేహా చెప్పింది. మా ఇంట్ల కోడున్నది అని ఒక్క మాట రాసి ఊకున్నది. ఏం రంగు అని అడిగిన. ఎట్ల నడుస్తది అని అడిగిన. గుడ్డు పెట్టేటప్పుడు ఏం చేస్తది అని అడిగిన. ఆమె చెప్పింది, నేను రాసిన."

"అందరివి గిట్లనే రాసినవా?"

"చెప్పినోళ్లయి రాసిన."

"మరి నీది ఎందుకు రాయలేదే తల్లీ?"

భాగ్య అక్కోరు మొకం దిక్కు చూసింది. ఇంత సదువుకున్నామెకు ఇంత చిన్న ముచ్చట తెల్వకపాయెనా అన్నట్టు చూసింది.

"నా వంతు ఇంక రాలేదక్కోరూ. నేను అందరికి బదులుకు పోయిన. ఇగ వాళ్లు నా దానికి రావాలె గద."

బదులుకు పోవుడంటే పట్నపోళ్లకు తెల్వదు. ఇయ్యాల నీ చేన్ల అందరం కలిసి కలుపు తీస్తం, ఎల్లుండి నా చేన్ల తీస్తరు. కూలి ఉండదు, కాయిదం ఉండదు, మాటే ఉంటది. అక్కోరు మొదటి దినం ఏం చెప్పింది? "పిల్లలూ, అందరు కలిసి పని చెయ్యాలె," అన్నది. కలిసి పని చేసుడంటే భాగ్యకు తెలిసింది ఒక్కటే. పుట్టినకాంచి చూసింది అదే. ఎవల చేను వాళ్లు కలుపు తీసుకుంటరా? తీసుకోరు. ఇంకొకల చేన్ల ఒంగాలె. మన చేన్ల ఇంకొకలు ఒంగుతరు.

ఇంకో మాట సుత ఉన్నది, అది ఆ పిల్ల అక్కోరుకు చెప్పలే.

ఆ పేజీ మీద ఎవరన్న రాయవస్తే ఒక సన్న కడ్డీ అవుపడ్తది. నేహాది నీలం, సంజుది ఆకుపచ్చ. కడ్డీ పక్కకు పేరు. మనిషి రాస్తుంటే కడ్డీ ఉరుకుతది, సోంచాయిస్తుంటే ఆడ్నే నిలవడి మినుకుమినుకుమంటది. తప్పు రాస్తే సిగ్గువడ్డట్టు ఎనకకు జరుగుతది. పక్కకు ఎవలో వచ్చి కూసున్నట్టే. అందుకే భాగ్య పొద్దుగాల్ల వచ్చుడు వచ్చుడే ఎవరో ఒకల పేజీలకు దూరేది. ఆడ కడ్డీలుంటయి.

సాయంత్రం వాళ్ల బడి ఇడిసిపెడ్తరు. కడ్డీలు ఒక్కొక్కటి మాయమైతయి. గప్పుడు ఆ పిల్ల తన పేజీ తెరిచి చూస్తది. అండ్ల ఒక్క కడ్డీ ఉంటది, తనదే. రేపు వస్తరేమో అనుకోని మూసేస్తది. మూసినంక ఖోలీ మల్ల ఖోలీ, బెంచీలు మల్ల బెంచీలు.

"అయ్యో పిచ్చి పోరీ," అన్నది అక్కోరు. తిట్టినట్టు లేదు. ఇంకో మాట అందామనుకునేవరకు బయట బండి ఆగిన సప్పుడైంది.

ఏసప్ప సారు హెల్మెట్ చంకల పెట్టుకోని లోపలికొచ్చిండు. బక్క మనిషి. మోకాళ్ల దాంక బురద.

"ఏం రోడ్డమ్మా ఇది! బండి నన్ను మోసిందా, నేను బండిని మోసిన్నా అర్థమైతలేదు. జెర చాయ్ పోపియ్యుర్రి, పుణ్యముంటది."

వంట ఖోలీల రాచమ్మ ఇని పొయ్యి మీద గిన్నె పెట్టింది. బడి పిల్లలకు పగటి బువ్వ వండేది ఆమెనే. ఆమె ఈ బడిల గంటె పట్టినంక కొందరు పిల్లలు ఇంటికాడికెళ్లి బువ్వ డబ్బలు తెచ్చుకునుడు మొదలువెట్టిండ్రు. కొన్నొద్దులకు ఊళ్లెకు ఇంగ్లీషు బడి పసుపు బస్సు వచ్చింది. ఆ డబ్బల పిల్లలే ముందుగాల బస్సెక్కిండ్రు. ఎందుకంటే ఇంగ్లీషు సదువు కోసం అన్నరు. అందరు అదే అన్నరు. అడుగుతే రాచమ్మ సుత అదే అంటది. ఇప్పుడు బడిల మిగిలింది భాగ్య, ఊరవతలి ఆమె వాడకట్టు చిన్న పిల్లలు.

ఏసప్ప సారు కంప్యూటరు ముందల కూసున్నడు. తెల్ల పేజీ చూసిండు. కండ్లద్దాలు తీసి తుడిసి మల్ల పెట్టుకోని చూసిండు.

"మహానందమ్మా, ఇది ఖరాబైందా, లేకుంటే ఇంతేనా?"

అక్కోరు అన్ని చెప్పింది. కోడి ముచ్చట, గానుగ ముచ్చట, నవనాథ్ మాస్టరు ఫోను. పేజీలు తెరిచి చూపిచ్చింది. సారు కోడి కాడ నవ్విండు, గానుగ కాడ నవ్వు ఆపిండు. ఆఖరికి కుర్చీల ఎనకకు ఒరిగిండు.

"మంచిగ రాసిందమ్మా. కాదంటలేను. కానీ నిర్ణా దిక్కు పిల్లల పేరు మీద ఈ పిల్ల రాసుడేంది? బడిల దీన్ని ఏమంటరు? నకలంటరు. మనం ఎట్ల సదువుకున్నం? పక్కోనికి అవుపడకుండ చెయ్యి అడ్డం పెట్టుకోని రాసినం. ఎవనిది వానిది."

"ఎవలకు అవుపడకుండ చెయ్యి అడ్డం పెట్టాలె సారూ ఈ పిల్ల?" అన్నది అక్కోరు. "పక్కకు ఎవలున్నరు?"

సారు బెంచీల దిక్కు చూసిండు. ఖాళీ బెంచీలు. దుమ్ము సుత లేదు వాటి మీద. పొద్దుగాల్ల భాగ్యనే అన్ని తుడుస్తది, ఎవలన్న వస్తే కూసుంటరని.

"నేను పంపే రిపోర్టుల పిల్ల పేరుంటది, పిల్ల రాసింది ఉంటది. ఇద్దరు కలిసి రాసిండ్రు అని పెట్టనీకె అండ్ల జాగనే లేదమ్మా. నేనేం చెయ్యాలె? తెల్ల కాయిదం తీస్కపోయి, ఇది కోడి గురించి మస్తు రాసింది అని చెప్పాలెనా పైన?"

భాగ్య లేసి నిలవడ్డది.

"సారూ, వాళ్లు వస్తరు. నేను బదులుకు పోయిన గద, వస్తరు."

ఏసప్ప సారు మొకం జెర మెత్తగైంది. ఆయన సుత మట్టిల ఆడినోడే. "బదులంటివా? మా అవ్వ సుత పోయేది. సరే మరి, పిలిచినవా వాళ్లను?"

"ఆ?"

"రేపు నా చేను అని ముందుగాల్నే ఇల్లిల్లు తిరిగి చెప్తరు గద. పిలువకుంటే బదులుకు ఎవరొస్తరు బిడ్డా? నీ చేను ఎప్పుడో వాళ్లకేం ఎరుక?"

పిలువాలెనని ఆ పిల్లకు నిజంగనే తెల్వదు.

దర్వాజ కాడ చాయ్ గిలాసలు పట్టుకోని రాచమ్మ నిలవడ్డది. ఎప్పటిసంది నిలవడ్డదో.

రాచమ్మ అందరి చేన్లకు పోతది. పిలువక ముందే పోతది. పెసర చేన్ల, సోయా చేన్ల, ఎవల సాలు ముందుగాల అయిపోయిందంటే రాచమ్మదే. కానీ ఆమె చేన్ల గడ్డి మోకాళ్ల దాంక పెరిగినంక గాని ఎవలు రారు. వచ్చినోళ్లు, "చెప్పాలె గద రాచమ్మా, మాకేం కల వడ్తదా?" అంటరు. ఆమె చెప్పదు. చెప్పాలంటే ఆ ఇండ్ల ముందలికి పోవాలె. పోతే వాకిలి బయటనే ఆగాలె, ఆడికెళ్లే గట్టిగ ఒర్లాలె, లోపటికెళ్లి ఎవలన్న వచ్చేదాంక నిలవడాలె. గందుకే ఆమె పిలువదు. వస్తే వస్తరు, లేకుంటే లేదని కూసుంటది. పక్కకు కూసోని బిడ్డ అదంత చూసింది. బదులంటే పోవుడు, పోయి ఊకె చూసుకుంట కూసునుడు అని నేర్చుకున్నది.

రాచమ్మ గిలాసలు బల్ల మీద పెట్టింది. సారు తీసుకోని గట్టిగ జుర్రుమన్నడు. "మంచిగున్నదమ్మా," అన్నడు. ఆమె ఇన్నట్టు లేదు.

"పిలువు బిడ్డా," అన్నది.

"నువ్వు పిలువవు గదవ్వా."

ఆ మాట ఆ పిల్ల తప్పు పట్టనీకె అనలే. ఉన్నది అన్నది. రాచమ్మ కొంగు అంచు పట్టుకోని ఏళ్లకు చుట్టుకున్నది, ఇప్పింది, మల్ల చుట్టుకున్నది.

"నేను పిలువకనే గిట్లున్న. నువ్వు పిలువు."

సారు కుర్చీ పక్కకు జరుపుకున్నడు, భాగ్య బెంచీ ముందటికి గుంజుకోని కూసున్నది. ఇంట్ల తెలుగు, బడిల కన్నడం, గా పిల్లలకు తెలుగు రాదు. తన పేజీల, పేరు కింద, కన్నడంల మెల్లగ, ఒక్కొక్క అచ్చరం ఎతుక్కుంట కొట్టింది.

ఇయ్యాల నా చేను. వస్తరా?

నలుగురు తెర దిక్కు చూడవట్టిండ్రు. తెర మీద భాగ్య కడ్డీ ఒక్కటే మినుకుమినుకుమంటాంది. బయట ముసురు మల్ల మొదలైంది. వంట ఖోలీల పొయ్యి చిటపటమన్నది. సారు చాయ్ తాగుడు అయిపోయింది. గిలాస అడుగున ఏమున్నదో అని చూసిండు, బల్ల మీద పెట్టిండు. కొంచెంసేపు అయినంక హెల్మెట్ చేతుల పట్టుకున్నడు.

"మబ్బు పట్టింది. వాగు పొంగక ముందే దాటాలె నేను," అన్నడు. అక్కోరు దిక్కు చూడకుండ అన్నడు. "తల్లీ, నువ్వు మంచిగ రాస్తవు. మన్నాఏఖేళ్ళిల సుత రాయొచ్చు. మీ అవ్వకు నేను చెప్తగానీ..."

"సారూ," అన్నది అక్కోరు.

తెర మీద నీలం కడ్డీ.

ఆకుపచ్చ కడ్డీ. ఎరుపుది, పసుపుది, ఇంకా పేరు తెల్వని రంగులయి. వాన మొదలైతే చినుకులు పడ్డట్టు, ముందుగాల దూరం దూరంగ, ఎనక దగ్గర దగ్గరగ. పేజీ నిండ కడ్డీలే. అందరు ఉరికొచ్చి నిలవడి ఎగపోస్తున్నట్టు ఒక్కతీరుగ మినుకుమంటున్నయి.

నీలం కడ్డీ కదిలింది. నేహా.

నువ్వు పిలుస్తవేమోనని చూస్తుంటిమి. పిలుస్తలేవు. నీ పేజీల మేము చెయ్యి పెట్టుడు నీకు ఇష్టం లేదేమో అనుకున్నం.

అక్కోరు మొకం కిటికీ దిక్కు తిప్పుకున్నది.

మల్ల నేహా. మీ ఊరు మేము చూడలే. నువ్వు మమ్మల్ని అడిగినట్టే మేము నిన్ను అడుగుతం. నువ్వు చెప్పు, మేము రాస్తం. ముందుగాల సంజు అడుగుతడట.

ఆకుపచ్చ కడ్డీ ఉరికింది, ఆగింది, తప్పు రాసి ఎనకకు జరిగింది, మల్ల ఉరికింది. గా పోరడు తెలివి లేకనో, ఎక్కువుండో, సక్కగ ఆడికే వచ్చిండు.

మీ తరగతిల నువ్వొక్కదానివే ఎందుకున్నవు? మిగిలినోళ్లు యాడికి పోయిండ్రు?

ఏసప్ప సారు అది చదివిండు. చదివి, చేతిల హెల్మెట్ మల్ల బల్ల మీద పెట్టిండు. ఆ సవాలుకు జవాబు ఆయనకెరికే, అక్కోరుకెరికే, ఊరంతకెరికే. ఇప్పటిదాంక ఒక్కలు సుత నోటితోని అనలే.

"ఇంగ్లీషు కోసం పోయిండ్రని రాయి," అన్నది అక్కోరు, జల్దీ జల్దీ. "గంతే రాయి భాగ్యా."

భాగ్య చేతులు మీటల మీద ఉన్నయి. కడ్డీలన్ని నిలవడి చూస్తున్నయి. ఈ పేజీ మీద ఇన్ని దినాలు ఆ పిల్ల ఏ వాడకట్టుదో ఎవరికి తెల్వదు. తెల్వదు గనుకనే పక్కపక్కకు కూసున్నరు. తెలుస్తే ఈ రంగులల్ల ఎన్ని ఉంటయో, ఎన్ని సాయంత్రం లెక్క మాయమైతయో. ఆ పిల్ల మనసుల మెదిలింది అది ఒక్కటే.

"ఏమడిగిండ్రు బిడ్డా?" రాచమ్మకు సదువు రాదు. "అందరు గట్ల చూస్తున్నరేంది?"

భాగ్య చదివి ఇనిపిచ్చింది. తెలుగుల చెప్పింది, ఉన్నది ఉన్నట్టు.

రాచమ్మ తన చేతుల దిక్కు చూసుకున్నది. ఇంక పిండి అంటుకోనే ఉన్నది ఏళ్లకు.

"వాళ్లకు ఏం చెప్తవు?"

"నువ్వు చెప్పవ్వా," అన్నది భాగ్య. "నువ్వు చెప్పు, నేను రాస్త."

ఇన్నేండ్లల్ల రాచమ్మ ఆ తరగతి ఖోలీ ఊడ్చింది, బువ్వ తెచ్చి దర్వాజ కాడ పెట్టింది, గిలాసలు తీస్కపోయింది. ఏ దినం ఆ బెంచీ మీద కూసోలే. ఇప్పుడు వచ్చి కూసున్నది. బిడ్డ జరిగి జాగ ఇచ్చింది. ఇద్దరు కూసుంటే ఆ బెంచీ కిర్రుమన్నది, గా సప్పుడు ఆ ఖోలీల ఎప్పటిసందో లేదు.

సారు నోరు తెరిచిండు గాని అక్కోరు చెయ్యి అడ్డం పెట్టింది.

రాచమ్మ తెర మీది రంగుల దిక్కు చూసింది. పిల్లలని చెప్తే పిల్లలే అనుకున్నది. ఎవలో చేన్ల దూరం నుంచి పిలుస్తున్నట్టు జెర ముందటికి ఒంగింది, గొంతు సవరిచ్చుకున్నది.

"రాయి బిడ్డా," అన్నది. "ఇంగ్లీషు కోసం కాదు, అని రాయి."